క్యాప్ గట్టిదే, దాని కింద పన్ను సంగతేమిటి?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తాను. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దవడ పన్నుకి రూట్ కెనాల్ అయి మూడు నెలలైంది. పైన ఇంకా తాత్కాలిక సిమెంటే ఉంది. ఒక క్లినిక్‌లో జిర్కోనియా అనే పింగాణీ క్యాప్ వేయించుకోమని 15 ఏళ్ల వారంటీ కార్డు చూపించారు. ఇంకో క్లినిక్‌లో ఈమ్యాక్స్ అనే ఇంకో రకం పింగాణీ మంచిదన్నారు, నోట్లో కెమెరా తిప్పి, అక్కడే మిషన్ మీద కోసి అదే రోజు అతికిస్తామన్నారు. మీ అమ్మగారి మెటల్ క్యాప్ మాత్రం 22 ఏళ్లుగా కదలకుండా ఉంది. ఈ కంప్యూటర్ క్యాప్‌లు అన్నేళ్లు ఉంటాయా, రెండింట్లో ఏది గట్టిది అని అడిగారు.

నేను 24 ఏళ్లుగా క్యాప్‌లు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్ల పనే చేస్తున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. సరిగ్గా చేసిన మిషన్ క్యాప్ పదేళ్లు ఉంటుందని ఆశించొచ్చు, పదిహేను దాటినవీ ఉన్నాయి. అయితే నా దగ్గరికి తిరిగొచ్చే కేసుల్లో పింగాణీ పగిలి వచ్చేవి తక్కువ. క్యాప్ నిక్షేపంలా ఉండి, లోపల పన్ను పుచ్చో విరిగో వచ్చేవే ఎక్కువ. అందుకని మీ రెండు ప్రశ్నల్లో "ఏది గట్టిది" అన్నదానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ఈ మిషన్ కోత పద్ధతి నిన్నమొన్న వచ్చింది కాదు. 1985 సెప్టెంబరు 19న జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మాన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్తీనీ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన సెరెక్ మిషన్‌తో మొదటి రోగికి పింగాణీ ముక్క కోసి అదే పూట అతికించారు. అంటే నలభై ఏళ్లు దాటింది. అప్పుడు చేసినవి పూర్తి క్యాప్‌లు కావు, పంటి గుంటలో కూర్చునే ముక్కలు. మేము ఇన్‌లే, ఆన్‌లే అంటాం. అప్పటి కెమెరా నాసి, అప్పటి మిషన్ కోత మొరటు, రాయి (మిషన్ కోసే పింగాణీ దిమ్మ) కూడా ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం జాతి మామూలు పింగాణీ. అయినా స్విట్జర్లాండ్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో 108 మందికి పెట్టిన 200 ముక్కల్లో 187ని ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే, 17 ఏళ్లకి 88.7 శాతం నిలిచాయి. అక్కడి ముక్కల్నే 27 ఏళ్ల దాకా గమనించినప్పుడు ఆ లెక్క 87.5 దగ్గర తేలింది. ఆ కాలపు మిషన్‌తో ఇంత రావడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక్కడ నా వాదనకి ఎదురొచ్చే విషయం ఒకటి ఉంది, దాచను. ఆ స్విస్ లెక్కలో చెడిపోయినవాటిలో సగానికి పైగా పింగాణీ పగలడం వల్లే పోయాయి. పుచ్చి పోయినవి తక్కువ. కాబట్టి ఆ రోజుల్లో "ఏది గట్టిది" అని అడగడం న్యాయమే. తర్వాత రాళ్లు మారాయి, బలహీనమైన చోటు కూడా మారింది.

జర్మనీలో చేసిన ఇంకో పరిశీలన చూడండి, మీ కేసుకి ఇదే దగ్గర. 34 మందికి వెనక పళ్ల మీద 41 పూర్తి క్యాప్‌లు వేశారు. అన్నీ క్లినిక్‌లోనే కోసిన ఈమ్యాక్స్. పదేళ్లకి నిలిచినవి 83.5 శాతం. ఈ అంకె ఒక్కటే చూస్తే "అంతేనా" అనిపిస్తుంది. పోయినవి ఎందుకు పోయాయో చూడాలి. మొత్తం పోయినవి ఐదు. ఒకటి మాత్రమే పింగాణీ పగిలి పోయింది, అదీ మూడేళ్ల లోపే. మిగతా నాలుగింట్లో ఒకచోట లోపలి పన్ను మోడు విరిగింది, ఒకచోట వేరు విరిగింది, ఒకచోట నరం పాడైంది, ఒకటి పదేళ్లకి పుచ్చింది. అంటే ఆ నాలుగు సార్లూ రాయి తప్పేమీ లేదు. 41 క్యాప్‌లు చిన్న లెక్కేనని నాకూ తెలుసు, కానీ మా కుర్చీ దగ్గర కనిపించేది కూడా అచ్చంగా ఇదే.

క్యాప్ నిలిచింది అనడానికీ, ఏ తంటా లేకుండా నిలిచింది అనడానికీ తేడా ఉందని కూడా గుర్తుంచుకోండి. అదే లెక్కలో ఏ ఇబ్బందీ రానివి 71 శాతమే. ఊడితే మళ్లీ అతికించినవి, కింద రూట్ కెనాల్ చేయాల్సి వచ్చినవి కూడా "నిలిచినవి" కిందికే వస్తాయి. ఎవరైనా 98 శాతం, 99 శాతం అని చెబితే ఎన్నేళ్లకి, ఏ లెక్కన అని అడగండి.

ఇక రాళ్ల సంగతి.

ఈమ్యాక్స్ అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు, మనం జెరాక్స్ అన్నట్టు వాడేస్తున్నాం. అసలు పదార్థం లిథియం డైసిలికేట్ అనే గాజు జాతి పింగాణీ. మిషన్‌లో పెట్టే దిమ్మ లేత ఊదా నీలం రంగులో ఉంటుంది. మొదటిసారి చూసిన పేషెంట్లు "ఇదా నా నోట్లో పెట్టేది" అని కంగారుపడతారు. ఆ దశలో దాని బలం 130 మెగాపాస్కల్స్ దాకానే ఉంటుంది, కాబట్టి మిషన్ సులువుగా కోస్తుంది. కోసిన తర్వాత చిన్న కొలిమిలో 840, 850 డిగ్రీల దగ్గర అరగంట లోపు కాలిస్తే లోపల స్ఫటికాలు సూదుల్లా పెరిగి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. నీలం పోయి పంటి రంగు వస్తుంది. బలం 360 దాటుతుంది. పాత ఫెల్డ్‌స్పార్ రాయికి ఇది రెండు మూడు రెట్లు.

జిర్కోనియా దారి వేరు. అందులో గాజు ఉండదు. ఇది జిర్కాన్ ఇసుక నుంచి వచ్చే పదార్థం. మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో కూడా ఆ ఖనిజం ఉంది. హైదరాబాద్ అణు ఇంధన కేంద్రంలో జిర్కాన్ ఇసుక నుంచే రియాక్టర్ గొట్టాలకు కావాల్సిన లోహం తీస్తారు. పళ్లకు వాడే దిమ్మ పూర్తిగా కాల్చకముందు సుద్దముక్కలా ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. దాన్ని అసలు సైజుకన్నా 20, 25 శాతం పెద్దదిగా కోసి, 1500 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలుస్తారు. అది కుంచించుకుపోయి అసలు కొలతకి వస్తుంది. తెల్లటి పాత రకం బలం 1000 మెగాపాస్కల్స్ ప్రాంతంలో ఉంటుంది.

దానికి ఇంకో గుణం ఉంది, నాకు బాగా నచ్చేది అదే. పగులు మొదలైతే, ఆ పగులు మొన దగ్గర ఉన్న స్ఫటికాలు రూపం మార్చుకుని కొద్దిగా ఉబ్బుతాయి. ఉబ్బి పగులుని రెండువైపులా నొక్కి పట్టేస్తాయి. 1975లో ఈ గుణాన్ని బయటపెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీన్ని పింగాణీలో ఉక్కుతో పోల్చారు. గాజు పింగాణీకి ఈ అదృష్టం లేదు. దాని లోపలి వైపు కంటికి కనపడని గీతలుంటాయి, మిషన్ కోతలో పడినవే. నోటి తడి ఆ గీతల్లోకి చేరుతుంది. రోజూ నమిలే ఒత్తిడికి అవి మైక్రాన్ మైక్రాన్‌గా పెరుగుతాయి. ఏడేళ్లు ఏమీ కాకుండా ఉన్న క్యాప్ ఒకరోజు మెత్తటి ఇడ్లీ తింటుంటే రెండు ముక్కలవడం అందుకే. పేషెంటు ఇడ్లీని తిట్టుకుంటారు, పగులు మాత్రం ఏళ్ల కిందట మొదలైంది.

మరి జిర్కోనియానే ఎప్పుడూ మేలా అంటే, అది కూడా ఒక జాతి పేరే. పాత తెల్ల రకం గట్టిది గానీ సుద్దలా కనిపించేది. వెలుతురు కాస్త లోపలికి పోయేలా, అందులో కలిపే యిట్రియా అనే పదార్థం పాళ్లు పెంచి కొత్త రకాలు తెచ్చారు. అందం పెరిగింది, కానీ పగులుని పట్టుకునే స్ఫటికాలు అందులో తగ్గిపోయాయి. బాగా పారదర్శకంగా ఉండే రకంలో బలం 600 ప్రాంతానికి పడిపోతుంది. ముందు పళ్లకి అది చాలు. దవడ పన్నుకి, అందులోనూ పళ్లు నూరేవాళ్లకి, నేను పాత రకమో మధ్య రకమో వాడతాను. వారంటీ కార్డు మీద "జిర్కోనియా" అని ఒక్క మాటే ఉంటే ఏ రకమో తెలియదు. అడిగితే ల్యాబ్ వాళ్లు చెబుతారు.

కాల్చడం కూడా ముఖ్యమే. తుంటి కీలు ఆపరేషన్లలో వాడిన జిర్కోనియా బంతులు 2001 ప్రాంతంలో కొన్ని బ్యాచ్‌లు రోగుల ఒంట్లోనే పగిలిపోయాయి. ఇసుక మారలేదు, సూత్రం మారలేదు, కొలిమి పద్ధతి మారింది. కాబట్టి "మాది ఫలానా దేశం దిమ్మ" అనే మాటకన్నా ఆ ల్యాబ్ కొలిమిని ఎలా చూసుకుంటుందన్నది పెద్ద విషయం. ఇది పేషెంటు తనిఖీ చేయగలిగింది కాదు, అందుకే దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నా.

ఒకప్పుడు జిర్కోనియాకి చెడ్డపేరు వచ్చిన మాట నిజం. అప్పట్లో లోపల జిర్కోనియా గిన్నె, పైన అందం కోసం మామూలు పింగాణీ పొర వేసేవాళ్లు. గిన్నె పగిలేది కాదు, పై పొర పెచ్చులూడేది. మిషన్‌లో మొత్తం క్యాప్‌ని ఒకే దిమ్మలోంచి కోయడం మొదలయ్యాక ఆ గొడవ దాదాపు పోయింది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఐదేళ్ల లెక్కలు ఇలా ఉన్నాయి: మెటల్ మీద పింగాణీ వేసినవి 94.7 శాతం, ఈమ్యాక్స్ జాతి 96.6, జిర్కోనియా 92.1, పాత ఫెల్డ్‌స్పార్ 90.7. జిర్కోనియా అంకె తక్కువగా ఉండటానికి ఆ పెచ్చులూడటమూ, ఊడి రావడమూ ముఖ్య కారణాలు. ఇప్పుడు మీకు వేస్తామంటున్నది ఒకే దిమ్మ రకమైతే ఆ అంకెని చూసి భయపడక్కర్లేదు. పొర వేసినదా కాదా అని మాత్రం అడగండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన వచ్చి చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పారు. లోపల జిర్కోనియా క్యాప్. నాలుగేళ్ల కిందట వేరేచోట వేయించుకున్నారు. పైన ఒక్క గీత లేదు, గుంటల్లో వేసిన గోధుమ రంగు గీతలు కూడా చెదరలేదు. తిరగేసి చూస్తే క్యాప్ ఖాళీగా లేదు. పన్ను మోడు అందులోనే ఉంది, చిగురు దగ్గర తెగిపోయి వచ్చేసింది. చిన్న గరిటె లాంటి పరికరం ఉంటుంది మా దగ్గర, దాంతో తాకితే తడిసిన అట్టముక్కలా పొరలు పొరలుగా లేచింది. వాసన సంగతి చెప్పను. "పగల్లేదు కదా సార్, ఇదే మళ్లీ అతికించెయ్యండి" అన్నారాయన. దేనికి అతికించను? నోట్లో చూస్తే చిగురు మట్టంలో వేరు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన దగ్గర కూడా వారంటీ కార్డు ఉంది. రాయి పగిలితేనే అది పనికొస్తుంది. రాయి పగల్లేదు.

మోడుని కొలిచి చూశాను. చిగురు పైన మిగిలిన అసలు పంటి గోడ ఒక మిల్లీమీటరు కూడా లేదు. మిగతా ఎత్తంతా సిమెంటుతో కట్టిందే. క్యాప్ అంచు అసలు పంటిని చుట్టూతా కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి. పాత చెక్క పీపాలకి చుట్టూ ఇనప పట్టీ వేసేవాళ్లు చూడండి, అలాంటిదే. ఆ పట్టు లేకపోతే నమిలిన ప్రతిసారీ సిమెంటు ముద్ద పన్ను మీద కొద్దికొద్దిగా ఊగుతుంది. మనం రోజుకి సుమారు వెయ్యి సార్లు నములుతాం. ఊగుడులో సిమెంటు విడుతుంది, సందులోకి ఉమ్మి పోతుంది, లోపల పుచ్చుతుంది. రూట్ కెనాల్ అయిన పన్ను కాబట్టి నొప్పి కూడా తెలియదు. తెలిసే నాటికి చేతిలో పొట్లం ఉంటుంది.

కాబట్టి మీ డాక్టరు గారిని మొట్టమొదట అడగాల్సింది ఇదే: "నా పన్నుకి చిగురు పైన అసలు గోడ ఎంత మిగిలింది?" ఎక్స్‌రే చూపించి చెప్పమనండి. తక్కువైతే చిగురుని కాస్త తగ్గించి పన్నుని బయటికి తేవచ్చు, దాన్ని క్రౌన్ లెంగ్తెనింగ్ అంటారు. చిన్న పనే. అది చేయకుండా ఎంత ఖరీదైన రాయి పెట్టినా పునాది లేని చోట గ్రానైట్ పరిచినట్టే.

మందం గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఈమ్యాక్స్ వాడటం మొదలుపెట్టిన కొత్తల్లో ఒకావిడకి పై దవడ పన్నుకి వేశాను. కంప్యూటర్ తెర మీద అన్నీ బాగానే ఉన్నాయి. అతికించాక కాటు ఎత్తుగా ఉందన్నారు. నీలం కాగితం పెట్టి కొరికించి, మచ్చ పడినచోట అరగదీశాను. మళ్లీ మచ్చ, మళ్లీ అరగదీయడం. ఆవిడకి హాయిగా ఉంది, పంపేశాను. పద్నాలుగు నెలలకి అదే గుంట వెంట నిలువునా పగిలి వచ్చారు. ముక్కని కొలిస్తే గుంట దగ్గర 0.7 మిల్లీమీటర్లు. అక్కడ ఒకటిన్నర ఉండాలి, బాగా అతికించగలిగితే కనీసం ఒకటి. పన్నుని నేను చాలినంత తగ్గించలేదు, దానికి శిక్ష పింగాణీకి పడింది. డబ్బు తీసుకోకుండా కొత్తది చేశాను. అప్పట్నుంచి అతికించేముందే కొలత పరికరంతో గుంట మందం చూస్తాను.

జిర్కోనియా మందం విషయంలో ఓర్చుకుంటుంది. మిల్లీమీటరున్నా, ఇంకాస్త తగ్గినా నిలుస్తుంది. పన్ను పొట్టిగా ఉండి ఎక్కువ తగ్గించే వీలు లేని చోట నేను జిర్కోనియాకే మొగ్గుతాను. కానీ అతికించే దగ్గర దాని మొండితనం బయటపడుతుంది. ఈమ్యాక్స్ లోపలి వైపు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 20 సెకన్లు పెడితే గాజు కరిగి సన్నటి గరుకు వస్తుంది, ఆపైన సైలేన్ అనే అతుకు మందు రాస్తే జిగురు రాయిలో వేళ్లూనుకుంటుంది. ఆ అతుకే క్యాప్‌కి సగం బలం. జిర్కోనియాలో గాజు లేదు కాబట్టి ఆ యాసిడ్‌తో పని జరగదు. సన్నటి అల్యూమినా పొడిని గాలితో కొట్టి, దానికోసమే వచ్చిన ప్రైమర్ రాయాలి. ఇక్కడొక మెలిక ఉంది. సరిపోయిందో లేదో చూడటానికి క్యాప్‌ని నోట్లో పెట్టి తీస్తాం కదా, అప్పుడు ఉమ్మిలోని ఫాస్ఫేట్ లోపలి గోడకి పట్టేస్తుంది. ప్రైమర్ అతుక్కోవాల్సిన చోటు కూడా అదే. నీళ్లతో కడిగితే పోదు. దానికి వేరే ద్రావణం ఉంది, లేదా మళ్లీ పొడి కొట్టాలి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా అతికిస్తే ఆరు నెలలకో ఏడాదికో "డాక్టరు గారూ, క్యాప్ ఊడింది" అని ఫోను. జిర్కోనియా ఊడిపోతుందనే చెడ్డపేరులో సగం ఇక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

కంప్యూటర్ అనగానే అంతా అచ్చుగుద్దినట్టు వస్తుందనుకుంటారు. కెమెరా చూసిందే కంప్యూటర్‌కి తెలుసు. చిగురు కింద అంచు ఉండి, అక్కడ రక్తమో ఉమ్మో ఉంటే కెమెరా దాన్నే పన్ను అనుకుంటుంది. మిషన్‌లో కోసే ముల్లుకి ఒక మందం ఉంటుంది. అంతకన్నా సన్నటి మూల పన్ను మీద ఉంటే ముల్లు అక్కడికి దూరలేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ లోపల ఎక్కువ తవ్వేస్తుంది, క్యాప్ అక్కడ పల్చనవుతుంది. అందుకే మూలలన్నీ గుండ్రంగా నునుపు చేయాలి. క్యాప్ అంచుకీ పన్నుకీ మధ్య సందు 120 మైక్రాన్ల లోపు ఉండాలని మా పాత కొలబద్ద. మన వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, రెండు వెంట్రుకలు కూడా పట్టని సందు. మంచి మిషన్లు ఇప్పుడు ఈ హద్దు లోపలే కోస్తున్నాయి. అరిగిపోయిన ముల్లుతో కోస్తే మాత్రం ఆ అంచే చిట్లుతుంది. అతికించిన రోజు డాక్టరు సన్నటి మొన ఉన్న పరికరంతో చుట్టూ తడిమి చూస్తారు, అది ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ పాచి చేరుతుంది, తర్వాత పుచ్చుతుంది.

అదే రోజు ఇచ్చేదా, ల్యాబ్‌కి పంపి వారానికి ఇచ్చేదా అన్నదాంట్లో నాకు పెద్ద పట్టింపు లేదు. ఒకే రోజులో అయితే తాత్కాలిక క్యాప్ బాధ తప్పుతుంది. ల్యాబ్ అయితే తీరిగ్గా చూస్తారు. ఎవరు చేస్తున్నారన్నదే ముఖ్యం.

జిర్కోనియా ఎదుటి పన్నుని అరగదీస్తుందని మీరు చదివారట. సగం నిజం. అద్దంలా నునుపు చేసిన జిర్కోనియా ఎదుటి పన్నుతో మర్యాదగానే ఉంటుంది. గరుకుగా ఉన్నది ఆకురాయిలా అరగదీస్తుంది. క్యాప్‌కి మెరుపు పూత ఉంటుంది, అది కొన్నాళ్లకి అరిగిపోతుంది, కాబట్టి కింద రాయి నునుపుగా ఉందా అన్నదే లెక్క. అతికించాక కాటు సరిచేయడానికి డాక్టరు డైమండ్ ముల్లుతో అరగదీస్తే, తర్వాత రబ్బరు పాలిషర్లతో రెండు మూడు దశల్లో నునుపు చేయాలి. ఐదు నిమిషాలు పడుతుంది. మొహమాటపడకుండా "పాలిష్ చేశారా సార్" అని అడగండి. ఇంటికెళ్లాక నాలుకతో తడిమినా తెలుస్తుంది, గరుకు తగిలితే మళ్లీ వెళ్లండి.

నిద్రలో పళ్లు నూరే అలవాటు మీకుందో లేదో రాయలేదు. ఇంట్లోవాళ్లని అడగండి. పొద్దున లేవగానే దవడలు బిగిసినట్టుంటే, పళ్ల మొనలు చదునుగా అరిగి ఉంటే, అనుమానించాల్సిందే. వక్కలు నమిలేవాళ్ల పళ్లు కూడా అలాగే అరుగుతాయి. అలాంటివాళ్లకి రాత్రిపూట పెట్టుకునే గార్డు చేయించి ఇస్తాను. సగం మంది దాన్ని డబ్బాలో పెట్టి మర్చిపోతారు, అది వేరే కథ.

మీ అమ్మగారి మెటల్ క్యాప్ గురించి. అది గట్టిదే, అందులో రెండో మాట లేదు. లోహం పగలదు, కొద్దిగా వంగి సర్దుకుంటుంది, పల్చగా చేసినా నిలుస్తుంది కాబట్టి పన్నుని తక్కువ తగ్గిస్తే సరిపోతుంది. వెనక పళ్లకి, కనపడదు పర్వాలేదు అనుకునేవాళ్లకి, నేనిప్పటికీ మెటల్ వద్దనను. కానీ 22 ఏళ్లు నిలిచిన క్యాప్ మన కళ్ల ముందుంది, అదే ఏడాది వేయించుకుని ఐదేళ్లకే పీకించుకున్నవాళ్ల పళ్లు ఇప్పుడు మన ముందు లేవు కదా. పైగా అమ్మగారి పన్నుకి అప్పట్లో రూట్ కెనాల్ అయ్యిందా, బతికున్న పన్ను మీదే వేశారా అన్నది కూడా అడిగి చూడండి. బతికున్న పన్ను మీద వేసిన క్యాప్ ఎక్కువకాలం ఉంటుంది, అది ఏ పదార్థమైనా సరే.

వారంటీ కార్డుని తీసిపారేయకండి, దాచుకోండి. దాని మీద దిమ్మ రకం, బ్యాచ్ నంబరు ఉంటే, రేపు వేరే ఊళ్లో వేరే డాక్టరుకి అది పనికొస్తుంది. సాధారణంగా ల్యాబ్ ఇచ్చే హామీ రాయి పగిలితే కొత్త రాయి ఇస్తామన్నదాని వరకే. పాతది కోసి తీయడం, మళ్లీ కొలతలు, డాక్టరు ఫీజు అందులో రావు. పన్ను పుచ్చితే అసలే రాదు.

క్యాప్ పడ్డాక చేయాల్సింది కొద్దిగానే ఉంది. క్యాప్ పుచ్చదు, దాని అంచు దగ్గర పన్ను పుచ్చుతుంది. కాబట్టి బ్రష్ చిగురు గీత దాకా వెళ్లి అక్కడ కాసేపు తిరగాలి, పక్క పంటికీ దీనికీ మధ్య దారంతో శుభ్రం చేయాలి. షుగర్ ఉన్నవాళ్లు, నోరు ఎండిపోయే మందులు వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఏడాదికోసారైనా చూపించి, రెండు మూడేళ్లకోసారి ఎక్స్‌రే తీయించుకోండి, ఎందుకంటే మీ పన్ను నొప్పి పెట్టి హెచ్చరించదు. తిండి విషయంలో పథ్యం ఏమీ లేదు. జంతికలు తినండి, వేరుశెనగలు తినండి. ఆవకాయ ముక్కలో టెంకని, నల్లి ఎముకని మాత్రం ఆ పంటితో కొరకొద్దు. టెంక దగ్గర అసలు పన్ను విరిగినవాళ్లనే చాలామందిని చూశాను.

ఇక మీ కేసులో నేనైతే ఏం చేస్తానంటే, గోడ రెండు మిల్లీమీటర్లుండి, పళ్లు నూరే అలవాటుంటే ఒకే దిమ్మలో కోసిన గట్టి రకం జిర్కోనియా. అలవాటు లేక, అంచు చిగురు పైనే ఉండి, అతికించేటప్పుడు ఉమ్మి తగలకుండా రబ్బరు తెర వేయగలిగితే ఈమ్యాక్స్. రెండు క్లినిక్‌లలో ఏ డాక్టరు మీ పన్ను గోడ గురించి, కాటు గురించి ఎక్కువ మాట్లాడితే అక్కడికి వెళ్తాను. దిమ్మ పేరు గురించే ఎక్కువ మాట్లాడినవాళ్ల దగ్గరికి వెళ్లను.

చివరగా, మీ ప్రశ్నలో నన్ను కంగారుపెట్టింది వేరే ఉంది. రూట్ కెనాల్ అయి మూడు నెలలు, పైన ఇంకా తాత్కాలిక సిమెంటు. ఆ సిమెంటు వారాల కోసం చేసింది, నెలల కోసం కాదు. అది అరిగేకొద్దీ ఉమ్మి కిందికి దిగుతుంది. గోడలు పల్చబడిన పన్ను క్యాప్ లేకుండా నమిలితే నిలువునా చీలిపోవచ్చు, అలా చీలితే పీకడమే. రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయని పళ్లు, వేసినవాటికన్నా ఆరు రెట్లు ఎక్కువగా పోయాయని 2002లో అమెరికాలో ఒక లెక్క తేలింది. ఈమ్యాక్సా జిర్కోనియానా అన్నదాంట్లో అంత తేడా ఎవరూ చూపించలేదు. ఈ వారంలోనే వెళ్లండి, ముందు ఆ తాత్కాలిక సిమెంటు తీసి లోపల చూడమనండి. వెళ్లేదాకా కుడివైపు నమలకండి.